ఇంగ్లీషు సాహిత్యం: యుగాల వరసలో చదవాలా, ప్రక్రియల వారీగా చదవాలా?

ఎం.ఏ. ఇంగ్లీషులో చేరినవాళ్లు, నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) రాయబోయేవాళ్లు, ఉద్యోగం చేసుకుంటూ ఇష్టం కొద్దీ చదవాలనుకునేవాళ్లు, అందరికీ మొదట తగిలే ప్రశ్న ఒకటే: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? సాహిత్య చరిత్ర పుస్తకాలు బేవుల్ఫ్‌తో మొదలవుతాయి కాబట్టి చాలామంది అక్కణ్ణుంచే అందుకుంటారు. ఛాసర్ దాకా ఉత్సాహం ఉంటుంది, స్పెన్సర్ దగ్గర సన్నగిల్లుతుంది, మిల్టన్ దగ్గర పుస్తకం మూతపడుతుంది. పరీక్ష దగ్గరపడేసరికి విక్టోరియన్ నవలల్నీ ఆధునిక కవిత్వాన్నీ గైడ్లలోంచి సారాంశాలుగా బట్టీ పట్టాల్సి వస్తుంది. ఓపిక లేక ఇలా జరగదు. అన్నిటికంటే కష్టమైన భాషని అన్నిటికంటే ముందు పెట్టుకోవడం వల్ల జరుగుతుంది.

చదివే పద్ధతులు ముఖ్యంగా నాలుగు. యుగాల వరసలో చదవడం ఒకటి. కవిత్వం, నాటకం, నవల, వ్యాసం అంటూ ప్రక్రియల వారీగా చదవడం రెండోది. ఒకే యుగాన్నో ఒకే రచయితనో పట్టుకుని లోతుకి వెళ్లడం మూడోది. ఒకదానికొకటి జవాబు చెప్పుకునే రచనల్ని జంటలుగా చదవడం నాలుగోది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: చదవడం ప్రక్రియల వారీగా సాగాలి, చదివినదాన్ని అమర్చుకోవడం కాలక్రమంలో జరగాలి. ఇది అందరికీ సరిపోదు. ఎవరికి సరిపోదో, ఎందుకు సరిపోదో కూడా చెబుతాం.

యుగాల వరస: బలం ఎక్కడ, ఇబ్బంది ఎక్కడ

ఈ పద్ధతిలో గొప్ప సంగతి ఏమిటంటే, కారణాలు కనబడతాయి. 1642లో పార్లమెంటు లండన్ నాటకశాలల్ని మూయించింది. 1660లో రాజరికం తిరిగొచ్చాకే (దీన్నే రెస్టొరేషన్ అంటారు) మళ్లీ తెరుచుకున్నాయి. ఈ పద్దెనిమిదేళ్ల ఖాళీ తెలిస్తేనే రెస్టొరేషన్ కామెడీ షేక్‌స్పియర్ కామెడీకి అంత దూరంగా ఎందుకు ఉందో బోధపడుతుంది. ప్రేక్షకులు మారారు, స్త్రీ పాత్రల్ని స్త్రీలే వెయ్యడం మొదలైంది, పైకప్పున్న థియేటర్లూ మార్చుకునే సీనరీ వచ్చాయి. అలాగే వర్డ్స్‌వర్త్ 1800లో 'లిరికల్ బాలడ్స్'కి రాసిన ముందుమాట. కవిత్వానికి వేరే భాష అక్కర్లేదని ఆయన వాదిస్తూ థామస్ గ్రే రాసిన ఒక సానెట్‌ని (పద్నాలుగు పాదాల కవితని) తీసుకుని, అందులో ఏ పాదాలు నిలబడతాయో ఏవి నిలబడవో వేరుచేసి చూపిస్తాడు. పోప్‌నీ గ్రేనీ కొంచెమైనా చదవకుండా ఈ ముందుమాట చదివితే, ఆయన ఎవరితో పోట్లాడుతున్నాడో తెలియదు. నినాదం మాత్రం గుర్తుంటుంది.

ఇక ఇబ్బందులు. మొదటిది భాష. బేవుల్ఫ్ 3182 పాదాల కావ్యం. అందులోని పాత ఇంగ్లీషుని విడిగా ఒక భాషలా నేర్చుకుంటే తప్ప చదవలేం. అనువాదంలోనే చదవండి, మొహమాటం అక్కర్లేదు. ఛాసర్ సంగతి వేరు. 'కాంటర్‌బరీ టేల్స్' జనరల్ ప్రోలాగ్ 858 పాదాలు. పక్కన అర్థాలున్న ప్రతితో రోజుకి 40 పాదాల చొప్పున చదివితే మూడు వారాల్లో పూర్తవుతుంది. మొదటి రెండొందల పాదాలు నత్తనడక నడుస్తాయి, తర్వాత అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి వేగం పుంజుకుంటుంది. కానీ ఈ కసరత్తు మొదటి నెలలోనే పెట్టుకోవాలా అన్నది ప్రశ్న.

రెండోది, యుగాల పేర్లే ఒక కొలతకి లోబడవు. ఎలిజబెతన్ (1558-1603), జాకోబియన్ (1603-25), కరొలైన్ (1625-49) అనేవి పాలకుల పేర్ల మీద వచ్చినవి. ఏజ్ ఆఫ్ డ్రైడెన్, ఏజ్ ఆఫ్ పోప్, ఏజ్ ఆఫ్ జాన్సన్ అనేవి రచయితల పేర్ల మీద వచ్చినవి. రొమాంటిక్, మోడర్నిస్ట్ అనేవి ధోరణుల పేర్లు. దీనివల్ల ఒక రచన ఒక లెక్కలో ఒకచోట, ఇంకో లెక్కలో ఇంకోచోట పడుతుంది. జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అచ్చయింది 1813లో, రొమాంటిక్ యుగం నడిమధ్యలో. చదివితే మాత్రం ఆ వాక్యం, ఆ విచక్షణ పద్దెనిమిదో శతాబ్దపు గద్యానికే దగ్గర. మిల్టన్ 'పారడైజ్ లాస్ట్' 1667లో, అంటే రెస్టొరేషన్ మొదలైన ఏడేళ్లకి వచ్చింది. అయినా చాలా సిలబస్‌లలో ఆయన్ని అంతకు ముందు తరంతోనే కూర్చోబెడతారు.

మూడోది తారీఖులు. రాసిన ఏడాది, ఆడిన ఏడాది, అచ్చయిన ఏడాది మూడూ వేర్వేరుగా ఉండొచ్చు. డన్ కవితలు ఆయన 1631లో పోయాక 1633లో పుస్తకంగా వచ్చాయి. మార్లో 1593లో చనిపోతే 'డాక్టర్ ఫాస్టస్' 1604లో ఒక రూపంలో, 1616లో ఇంకో రూపంలో అచ్చయింది. హాప్కిన్స్ 1889లో చనిపోయాడు, కవితలు 1918లో వెలుగు చూశాయి. అందుకే విక్టోరియన్ కవి అయినా ఆధునిక కవుల పక్కన చదువుతున్నాం. వర్డ్స్‌వర్త్ 'ప్రెల్యూడ్' 1805 నాటికి 13 భాగాలుగా సిద్ధమైంది, 1850లో 14 భాగాలుగా అచ్చయింది. రెండిటిలో మాటలు చాలాచోట్ల వేరు. మీ దగ్గరున్నది ఏ ప్రతో తెలియకుండా పాదాల నంబర్లు రాసుకుంటే క్లాసులో దేనితోనూ సరిపోవు.

ఇన్ని చెప్పాక కూడా యుగాల వరసే కావాలనుకునేవాళ్లకి ఒక సూచన. బేవుల్ఫ్ దగ్గర కాకుండా 'లిరికల్ బాలడ్స్' మొదటిసారి వచ్చిన 1798 దగ్గర మొదలుపెట్టండి. అక్కణ్ణుంచి ముందుకి 1930ల దాకా వెళ్లండి. తర్వాత వెనక్కి తిరిగి పద్దెనిమిదో శతాబ్దం, పదిహేడు, షేక్‌స్పియర్, చివరికి ఛాసర్. భాష మెల్లమెల్లగా కష్టమవుతూ పోతుంది, ఒక్కసారిగా మీద పడదు. ముందుకి వెళ్లేటప్పుడు కారణాలు తెలుస్తాయి, వెనక్కి వెళ్లేటప్పుడు మూలాలు తెలుస్తాయి.

ప్రక్రియల వారీగా: సానెట్‌తో చూడండి

ఒకే ప్రక్రియ చేతులు మారుతూ ఎలా మారిందో చూడటం ఈ పద్ధతి ప్రాణం. దీనికి సానెట్‌ని మించిన మొదలు లేదు. పద్నాలుగు పాదాలు, ఒక్క పేజీ, నాలుగొందల ఏళ్ల చరిత్ర.

పదహారో శతాబ్దపు కవి వయట్ దీన్ని ఇటలీ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చాడు. సర్రే దాన్ని నాలుగేసి పాదాల ముక్కలు మూడు, చివర ఒక ద్విపద (అంత్యప్రాస కలిసిన రెండు పాదాలు)గా మార్చాడు. ఇద్దరూ పోయాక 1557లో టాటెల్ అనే ప్రచురణకర్త వేసిన సంకలనంలో ఆ కవితలు జనానికి చేరాయి. సిడ్నీ 'ఆస్ట్రోఫెల్ అండ్ స్టెల్లా' 1591లో అచ్చయ్యాక సానెట్ వరసలు రాయడం ఒక మోజైపోయింది. స్పెన్సర్ 1595లో 'అమొరెట్టి'లో ముక్కల్ని అంత్యప్రాసతో గొలుసు కట్టాడు: అబఅబ, బకబక, కడకడ, చివర ద్విపద. షేక్‌స్పియర్ 154 సానెట్లు 1609లో వచ్చాయి. వాటిలోనూ నియమం తప్పినవి ఉన్నాయి: 99వదానికి 15 పాదాలు, 126వదానికి 12 పాదాలే, 145వదానిలో పాదం పొట్టి.

చదివేటప్పుడు చెయ్యాల్సిన పని ఇది. కవితని చేత్తో రాసుకోండి. కుడి అంచున అంత్యప్రాసలకి అక్షరాలు వెయ్యండి. తర్వాత మలుపు ఎక్కడుందో వెతకండి. ఇటాలియన్ పద్ధతిలో ఎనిమిది పాదాలయ్యాక, తొమ్మిదో పాదంలో ఆలోచన తిరుగుతుంది. షేక్‌స్పియర్ దగ్గర చాలాసార్లు చివరి ద్విపద దాకా తిరగదు. ఇప్పుడు మిల్టన్ చూపు పోయాక రాసిన సానెట్ తీసుకోండి. అంత్యప్రాస ఇటాలియన్‌దే, కానీ మలుపు ఎనిమిదో పాదం మధ్యలోనే వచ్చేస్తుంది. ఫిర్యాదు పూర్తి కాకముందే ఓర్పు అడ్డుపడి జవాబు చెప్పడం మొదలుపెడుతుంది. కవిత చెప్పేదీ అదే, ఫిర్యాదుని ఓర్పు ఆపడం. నియమం ఎక్కడ తప్పిందో పట్టుకుంటే అర్థం అక్కడే దొరుకుతుంది. ఈ ఒక్క అలవాటు పడితే ఏ కవితనైనా గైడు లేకుండా చదవగలుగుతారు.

మిల్టన్ తర్వాత పోప్ తరం సానెట్‌ని దాదాపు పక్కన పెట్టేసింది. 1784లో షార్లట్ స్మిత్ 'ఎలిజియాక్ సానెట్స్'తో మళ్లీ ఊపందుకుంది. వర్డ్స్‌వర్త్ అయిదు వందలకి పైగా రాశాడు. హాప్కిన్స్ 'పైడ్ బ్యూటీ'లో దాన్ని పదిన్నర పాదాలకి కుదించాడు. పన్నెండు పదమూడు సానెట్లు ఈ వరసలో చదివితే రెండు వారాలు పడుతుంది. రెనైజాన్స్ నుంచి విక్టోరియన్ దాకా ప్రతి యుగంలోనూ ఒక కాలు పెట్టినట్టవుతుంది.

సానెట్ అయ్యాక ఎలిజీ, అంటే చనిపోయినవాళ్ల కోసం రాసే విలాప కవిత. మిల్టన్ 'లిసిడస్' (1637లో రాసింది), గ్రే ఎలిజీ (1751), షెల్లీ 'అడోనెయిస్' (1821), టెన్నిసన్ 'ఇన్ మెమోరియమ్' (1850). చనిపోయిన స్నేహితుణ్ణి గొర్రెల కాపరిగా ఊహించుకునే పాత సంప్రదాయం మిల్టన్‌లో నిండుగా ఉంటుంది, షెల్లీలో సగం ఉంటుంది, టెన్నిసన్ దగ్గరికి వచ్చేసరికి అక్కడక్కడా ఛాయగానే మిగిలి, దాని స్థానంలో భూగర్భశాస్త్రం లేవనెత్తిన సందేహాలు వచ్చి కూర్చుంటాయి. 'ఇన్ మెమోరియమ్' మొత్తం అక్కర్లేదు, ఇరవై భాగాలు ఎంచుకుంటే చాలు.

ఛందస్సు దగ్గర తెలుగువాళ్లకి వచ్చే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఇక్కడ చెప్పాలి. మనకి గురువు లఘువు అలవాటు. ఉత్పలమాల అంటే భ ర న భ భ ర వ, ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. అక్కడ లెక్కపెట్టేది అక్షరం పలకడానికి పట్టే కాలం. ఇంగ్లీషులో లెక్కపెట్టేది ఊనిక, అంటే మాటలో ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతామన్నది. దీర్ఘం కనబడ్డ చోటల్లా ఊనిక ఉందనుకుంటే ఐయాంబిక్ పెంటామీటర్ (ఊనిక లేని అక్షరం, ఉన్న అక్షరం జంటగా అయిదుసార్లు వచ్చే పాదం) ఎప్పటికీ కుదరదు. రికార్డ్ అనే మాట నామవాచకమైతే ఊనిక ముందు అక్షరం మీద, క్రియ అయితే రెండో అక్షరం మీద పడుతుంది. ఉచ్చారణ నిఘంటువులో ఊనిక గుర్తు చూసి, పెన్సిల్‌తో పాదం మీద గుర్తులు పెట్టి, పైకి చదవండి. అయిదు ఊనికలు రాకపోతే గాభరా పడొద్దు. మొదటి గణం తిరగబడటం, రెండు ఊనికలు పక్కపక్కన పడటం మామూలే. అవి ఎక్కడ పడ్డాయో అక్కడ కవి ఏదో చేస్తున్నాడని అర్థం. విని నేర్చుకోవడం ఇంకా సులువు. లిబ్రివాక్స్‌లో పాత కవిత్వం చాలావరకు ఉచితంగా వినొచ్చు.

నాటకం: ప్రక్రియ ఒక్కటే సరిపోని చోటు

నాటకాన్ని వరసగా చదువుతూ వెళ్తే ఒక వింత కనబడుతుంది. 'ఎవ్రీమ్యాన్', 'డాక్టర్ ఫాస్టస్', 'మాక్‌బెత్', 'వోల్పొని', 'ది డచెస్ ఆఫ్ మాల్ఫీ', 'ది వే ఆఫ్ ది వరల్డ్' (1700), 'ది స్కూల్ ఫర్ స్కాండల్' (1777) దాకా సాఫీగా వచ్చి, ఆ తర్వాత సిలబస్ ఎకాఎకిన వైల్డ్ 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' (1895) మీదికి దూకుతుంది. మధ్యలో నూట పద్దెనిమిదేళ్లు ఏమయ్యాయి?

జవాబు నాటకాల్లో దొరకదు, చట్టంలో దొరుకుతుంది. 1737 లైసెన్సింగ్ యాక్ట్ ప్రకారం ప్రతి కొత్త నాటకాన్నీ లార్డ్ ఛాంబర్లిన్ అనే రాజాస్థాన అధికారి చూసి అనుమతించాలి. మాటలతో నడిచే నాటకం ఆడే హక్కు లండన్‌లో ప్రధానంగా డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ అనే రెండు థియేటర్లకే మిగిలింది. మిగతా థియేటర్లు పాటలూ సంగీతమూ కలిపిన మెలోడ్రామాతో నెట్టుకొచ్చాయి. ఆ గుత్తాధిపత్యం 1843లో పోయింది, సెన్సార్ మాత్రం 1968 దాకా ఉంది. రొమాంటిక్ కవులు నాటకాలు రాయకపోలేదు, కానీ వాటిలో చాలావరకు వేదిక కోసం కాక చదువుకోవడానికి రాసినవి.

ఇంకో సంగతి. ఆ చట్టం రావడానికి ముఖ్యమైన కారణాల్లో హెన్రీ ఫీల్డింగ్ రాసిన రాజకీయ ప్రహసనాలు ఒకటి. చట్టం వచ్చాక ఆయన నాటకరంగం వదిలి లా చదివాడు, తర్వాత నవలల్లోకి వచ్చాడు. 'జోసెఫ్ ఆండ్రూస్' (1742), 'టామ్ జోన్స్' (1749) సంభాషణల్లో నాటకకర్త చెయ్యి తెలుస్తూనే ఉంటుంది. నాటకం ఒక నోట్‌బుక్కులో, నవల ఇంకో నోట్‌బుక్కులో పెట్టుకుని చదివినవాళ్లకి ఈ దారం కనబడదు. ప్రక్రియల వారీగా చదివేవాళ్లు పక్కన కాలపట్టిక పెట్టుకుని తీరాలని మేం పట్టుబట్టడం ఇందుకే.

నాటకాలు మొదలుపెట్టేటప్పుడు పాతదానితో కాకుండా వైల్డ్‌తో మొదలుపెట్టండి. రెండు మూడు గంటల్లో అయిపోతుంది, వేదిక ఎలా నడుస్తుందో తెలుస్తుంది. తర్వాత 'మాక్‌బెత్'. షేక్‌స్పియర్ ట్రాజెడీలన్నిట్లోకీ చిన్నది, రెండు వేల పైచిలుకు పాదాలు. 'హామ్లెట్' దానికి దాదాపు రెట్టింపు, మొదటి నాటకంగా వద్దు. 'కింగ్ లియర్' చదివేటప్పుడు ఏ ప్రతో చూసుకోండి: 1608 క్వార్టో (చిన్న సైజు విడి ప్రతి)లో ఉన్న సుమారు మూడొందల పాదాలు 1623 ఫోలియో (నాటకాలన్నీ కలిపి వేసిన పెద్ద సైజు పుస్తకం)లో లేవు, ఫోలియోలో ఉన్న సుమారు వంద పాదాలు క్వార్టోలో లేవు. లియర్ తన కూతుళ్లని ఊహల్లో విచారించే సీను ఫోలియోలో ఉండదు. చాలా ప్రతులు రెండూ కలిపి వేస్తాయి, కొన్ని విడివిడిగా వేస్తాయి. ముందుమాటలో ఆ సంగతి చెబుతారు, అది దాటేసి లోపలికి వెళ్లకండి.

సినిమా చూస్తే చాలదా అంటారు. చదివాక చూడండి, చదవడానికి బదులుగా కాదు. సినిమాలో సగానికి సగం మాటలు కోసేస్తారు, పరీక్షలో అడిగేవి ఆ మాటలే.

నవల: గంటల లెక్క

నవలల దగ్గర దెబ్బ తినేది టైము. మనలో చాలామంది ఇంగ్లీషు సాహిత్య గద్యాన్ని నిమిషానికి 200 మాటల వేగంతో చదువుతారు, పద్దెనిమిదో శతాబ్దపు గద్యమైతే ఇంకా తక్కువ. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' సుమారు లక్షా ఇరవై వేల మాటలు, అంటే పది గంటలు. డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' పదిహేను గంటలు దాటుతుంది. జార్జ్ ఎలియట్ 'మిడిల్‌మార్చ్' ఇరవై ఆరు గంటలు. కాన్రాడ్ 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' మూడున్నర గంటలే, కానీ మళ్లీ చదవక తప్పదు. రిచర్డ్‌సన్ 'క్లారిస్సా' తొమ్మిది లక్షల మాటలు పైనే. పరిశోధన అదే అయితే తప్ప జోలికి పోవద్దు, 'పమేలా'లో వంద పేజీలు చాలు.

పెద్ద నవలల్ని వచ్చిన పద్ధతిలోనే చదవడం మంచి ఉపాయం. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' 1860-61లో వారపత్రికలో 36 భాగాలుగా వచ్చింది. 'మిడిల్‌మార్చ్' 1871-72లో ఎనిమిది పుస్తకాలుగా వచ్చింది. వారానికొక పుస్తకం చొప్పున చదివితే ఎనిమిది వారాలు, ఇంకో పని పక్కన నడుస్తూనే ఉంటుంది. ప్రతి భాగం చివర డికెన్స్ ఉత్కంఠ ఎందుకు పెట్టాడో, పాత్రల్ని గుర్తుపట్టడానికి ఒకే మేనరిజాన్ని మళ్లీ మళ్లీ ఎందుకు చెప్పాడో అప్పుడు తెలుస్తుంది. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' చివరి అధ్యాయాన్ని డికెన్స్ తన స్నేహితుడు బల్వర్ లిట్టన్ సలహాతో మార్చాడు కాబట్టి రెండు ముగింపులూ ఉన్న ప్రతి కొనండి.

మన నవలకి నేరుగా సంబంధం ఉన్నది ఒకటుంది. గోల్డ్‌స్మిత్ 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' (1766). కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'కి ప్రేరణ అదే. ముప్ఫై రెండు చిన్న అధ్యాయాలు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఆ కుటుంబం కష్టాలు గోదావరి ఒడ్డుకి వచ్చాక ఏవి ఉన్నాయో, ఏవి పోయాయో, వీరేశలింగం తన కాలం మూఢనమ్మకాల్ని ఎక్కడెక్కడ చేర్చాడో స్వయంగా చూడొచ్చు. పద్దెనిమిదో శతాబ్దపు నవలలోకి తెలుగు పాఠకుడికి ఇంతకంటే దగ్గర దారి లేదు.

వ్యాసాన్ని అందరూ చివరికి నెట్టేస్తారు, అది పొరపాటు. బేకన్ వ్యాసాలు 1597లో పది, 1612లో 38, 1625లో 58 అయ్యాయి. ఒక్కొక్కటి రెండు మూడు పేజీలు. అడిసన్, స్టీల్ 'స్పెక్టేటర్', లాంబ్, ఆర్వెల్ ఇలా వరసగా వెళ్తే ఇంగ్లీషు గద్యం బిగుతు నుంచి సంభాషణలోకి ఎలా దిగిందో కనబడుతుంది. ఉద్యోగస్తులకి రాత్రి అరగంటలో పూర్తయ్యే చదువు ఇదే.

లోతు, జంటలు

ఒకే యుగం పట్టుకోవడం పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లకి మాత్రమే సరైన దారి. ప్రక్రియల వారీగా చదివే పద్ధతి వాళ్లకి పనికిరాదు. పంతొమ్మిదో శతాబ్దపు నవల మీద పని చేసేవాళ్లకి మూడు సంపుటాల నవలలు, అద్దె గ్రంథాలయాలు, ధర, ఆ పద్ధతి 1894లో కూలిపోవడం ఇవన్నీ కావాలి. ఒక యుగంలో పెద్ద రచనలు కాకుండా చిన్నవి, మర్చిపోయినవి, పత్రికలు చదివితేనే ప్రశ్న దొరుకుతుంది.

జంటల పద్ధతి మాత్రం అందరికీ మసాలాలా పనికొస్తుంది, దానితోనే వంట కాదు. 'జేన్ ఎయిర్' (1847) పక్కన జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ' (1966). 'రాబిన్సన్ క్రూసో' (1719) పక్కన కుట్సీ 'ఫో' (1986). 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' పక్కన అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్' (1958), ఆ తర్వాత కాన్రాడ్ మీద అచెబె 1975లో ఇచ్చిన ప్రసంగం. వరస తప్పొద్దు: ముందు పాతది పూర్తిగా, సానుభూతితో చదివి, ఆ తర్వాతే కొత్తది. విమర్శ ముందు చదివేస్తే మూలంలో విమర్శకుడు చూపించిందే కనబడుతుంది.

పరీక్ష ఉన్నవాళ్లకి

యూజీసీ నెట్ ఇంగ్లీషు సిలబస్‌లో మొదటి నాలుగు యూనిట్లు నాటకం, కవిత్వం, నవల-కథ, ఇతర గద్యం. అంటే విభజన ప్రక్రియల వారీగానే ఉంది. ఏపీ సెట్, టీజీ సెట్‌లదీ అదే సిలబస్. ఇగ్నో ఎం.ఏ.లో కూడా బ్రిటిష్ కవిత్వం, నాటకం, నవల వేర్వేరు పేపర్లు. కానీ ప్రశ్నలు చూడండి: ఈ నాలుగు రచనల్ని కాలక్రమంలో అమర్చండి, రచయితని రచనతో జతపరచండి, ఈ పాత్ర ఏ నాటకంలోది. సిలబస్ ప్రక్రియని చూపిస్తుంది, ప్రశ్న కాలాన్ని అడుగుతుంది. రెండింట్లో ఒకటే పట్టుకున్నవాళ్లు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

రెండో పేపరు వంద ప్రశ్నలు, రెండొందల మార్కులు. మొదటి పేపరు యాభై ప్రశ్నలతో కలిపి మూడు గంటలు. తప్పుకి మార్కులు కొయ్యరు కాబట్టి ఏదీ వదలొద్దు. కవిత్వం నవలల మీదే నెలలు గడిపి విమర్శ, సిద్ధాంతం, భాషా బోధన, ఇండియాలో ఇంగ్లీషు, సాంస్కృతిక అధ్యయనాలు, పరిశోధన పద్ధతులు వదిలేస్తే పదిలో ఆరు యూనిట్లు వదిలేసినట్టే.

కాలపట్టిక ఇలా తయారు చేసుకోండి. పెద్ద చార్టు మీద నిలువుగా పదేళ్లకొక గడి, అడ్డంగా నాలుగు ప్రక్రియలకి నాలుగు వరసలు, అయిదో వరస చట్టాలు, యుద్ధాలు, రాజుల కోసం. ప్రతి రచనకీ అచ్చయిన ఏడాది నల్ల సిరాతో, రాసిన లేదా ఆడిన ఏడాది వేరుగా ఉంటే ఎర్ర సిరాతో. ముఖ్యంగా, చదివినవే ఎక్కించండి. గైడు చూసి ఒకేసారి నింపేస్తే అది ఇంకో గైడు అవుతుంది, గుర్తుండదు.

పుస్తకాలు

'నార్టన్ ఆంథాలజీ ఆఫ్ ఇంగ్లిష్ లిటరేచర్' పూర్తి సెట్టు ఆరు సంపుటాలు, యుగాల వారీగా ఉంటుంది. ధర ఎక్కువ, కొత్తది అవసరం లేదు. కోఠీ సెకండ్‌హ్యాండ్ షాపుల్లో పాత ఎడిషన్ దొరికితే తీసుకోండి. సానెట్లూ ఎలిజీలూ ఏ ఎడిషన్‌లోనైనా అవే ఉంటాయి. నాటకాలకి ఆర్డెన్ గానీ ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్ గానీ. ఫోల్జర్ లైబ్రరీ షేక్‌స్పియర్ మూలాన్ని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో పాత నవలలు దొరుకుతాయి, అయితే వాటిలో నోట్స్ ఉండవు, ఏ ఎడిషన్ నుంచి తీసుకున్నారో చాలాసార్లు చెప్పరు. 'ఫ్రాంకెన్‌స్టయిన్' దించుకుంటే అది 1818దో, మేరీ షెల్లీ తిరగరాసిన 1831దో చూసుకోండి. ఛాసర్‌కి హార్వర్డ్ సైట్‌లో పాదం కింద పాదం నేటి ఇంగ్లీషు ఉంది. పదాలకి ఎం.హెచ్. ఏబ్రమ్స్ 'ఎ గ్లాసరీ ఆఫ్ లిటరరీ టర్మ్స్' ఒక్కటి చాలు. ఇగ్నో పాఠాలు దాని ఆన్‌లైన్ భాండాగారం ఈజ్ఞానకోశ్‌లో ఉచితం, గైడ్ల కంటే ఎంతో మేలు.

ఆరు నెలలు, వారానికి ఎనిమిది గంటలు ఉంటే

మొదటి రెండు వారాలు ఇరవయ్యో శతాబ్దపు వ్యాసాలు, జాయిస్ 'డబ్లినర్స్'లో నాలుగు కథలు. చెవికి దగ్గరి భాషతో వేగం వస్తుంది. తర్వాత ఆరు వారాలు కవిత్వం: సానెట్ రెండు, ఎలిజీ, కీట్స్ ఓడ్లు (సంబోధన గీతాలు) కలిపి రెండు, బ్రౌనింగ్ మోనోలాగ్‌లు, 'ది వేస్ట్ ల్యాండ్' కలిపి రెండు. తర్వాత ఆరు వారాలు వారానికొక నాటకం: వైల్డ్, 'మాక్‌బెత్', 'ఫాస్టస్', 'వే ఆఫ్ ది వరల్డ్', ఆస్బర్న్ 'లుక్ బ్యాక్ ఇన్ యాంగర్', బెకెట్ 'వెయిటింగ్ ఫర్ గోడో'. తర్వాత ఎనిమిది వారాల్లో అయిదు నవలలు: ఆస్టెన్, డికెన్స్, కాన్రాడ్-అచెబె జంట, వుల్ఫ్ 'మిసెస్ డాలోవే'. చివరి రెండు వారాలు ఛాసర్ ప్రోలాగ్‌లో మొదటి మూడొందల పాదాలు, 'పారడైజ్ లాస్ట్' మొదటి పుస్తకం 798 పాదాలు. అప్పటికి చెవి తయారై ఉంటుంది కాబట్టి మిల్టన్ ఊపిరి సలపనివ్వని వాక్యాలు కూడా దారికొస్తాయి. క్రియ ఎక్కడుందో ముందు వెతికి, తర్వాత మొదటి నుంచి చదవడం అక్కడ పనిచేసే కిటుకు.

మూడు నెలలే ఉంటే నవలల్ని రెండుకి తగ్గించండి, 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' ఒకటి, ఆస్టెన్ ఒకటి. నాటకాలు మూడు. సానెట్ రెండు వారాల్ని మాత్రం తగ్గించకండి. పరీక్షలో కవితా భాగం ఇచ్చి అడిగే ప్రశ్నలకి పనికొచ్చే సాధన అదొక్కటే, దాన్ని గైడు ఇవ్వలేదు.